కూర్చుంది సార్

పదకొండో వారం

కిందటి వారం మిరియంని మనం ఆపరేషన్ థియేటర్ సింకు దగ్గర వదిలేసి వచ్చాం. చేతిలో అరిగిపోయిన ప్లాస్టిక్ ముక్క, నుదుటి మీద చెమట. అందులో ఏం చూసి అంత కంగారు పడిందో చెప్పకుండా ఆపేశానని మీలో కొందరికి నా మీద కోపం వచ్చే ఉంటుంది. రావలసిందే లెండి. ఈ వారం దాచేదేమీ లేదు.

కొత్తగా చదవడం మొదలుపెట్టినవాళ్ల కోసం నాలుగు మాటలు. మధురవాడలో డాక్టర్ కృష్ణంరాజుగారి ఎముకల ఆసుపత్రి ఉంది. ఆయన దగ్గర ఇరవై రెండేళ్లుగా మిరియం థియేటర్ సిస్టర్. ఎనిమిదేళ్ల కిందట, ఆ ఆసుపత్రి ఇంకా ఊళ్లో చిన్న నర్సింగ్ హోమ్‌గా ఉన్న రోజుల్లో, గాజువాక నుంచి వచ్చిన నారాయణమ్మకి ఒకే రోజు రెండు మోకాళ్లూ మార్చారు. మోకాలు మార్చడమంటే మరేమీ కాదు, తొడ ఎముక చివర ఒక లోహపు తొడుగు, కాలి ఎముక పైన ఒక లోహపు పళ్లెం, ఆ రెండూ ఒకదాన్నొకటి రాసుకోకుండా మధ్యలో ఒక గట్టి ప్లాస్టిక్ ముక్క. మనిషి నడిచినన్నాళ్లూ బరువంతా మోసేది ఆ ముక్కే. పదిహేను, ఇరవై ఏళ్లు రావలసినది నారాయణమ్మ కుడి మోకాల్లో ఎనిమిదేళ్లకే అరిగిపోయింది. రాలిన పొడి చుట్టూ ఉన్న ఎముకని కూడా తినేసింది. మొన్న సోమవారం కృష్ణంరాజు ఆ మోకాలు మళ్లీ తెరిచి, పాతవి తీసేసి, కొత్తవి పెట్టాడు.

ఎందుకరిగిందని అడిగితే అందరి దగ్గరా ఒకటే జవాబు. మెట్లు. నాలుగేళ్ల కిందట నారాయణమ్మ సింహాచలం కొండని మెట్లదారిన ఎక్కింది. ఊరికే ఎక్కడం కాదు, ఒక్కో మెట్టుకీ వంగి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, మరో మెట్టు. అలా కొండ పైదాకా. ఆ మొక్కు ఎవరి కోసమో మీకు తెలుసు. కరోనా రోజుల్లో పదమూడు రోజులు ఆక్సిజన్ పెట్టించుకుని మంచాన పడున్న మొగుడి కోసం. ఆ మొగుడే, వరహాలు, మోకాలు మళ్లీ నొప్పి మొదలైనప్పట్నుంచీ, ఏడు నెలలుగా ఆమెతో సరిగ్గా మాట్లాడడం లేదు. మాట్లాడితే "నీ మోకాలు నువ్వే పాడు సేసుకున్నావు" అన్న ముక్క తప్ప ఇంకోటి రావడం లేదు.

సోమవారం కొత్త ప్లాస్టిక్ బిగించినప్పుడు ఒక చిన్న విషయం జరిగింది. డాక్టరు ఎప్పటిలాగే "కూర్చుందా?" అన్నాడు. మిరియం జవాబు చెప్పలేదు. టార్చి తెప్పించి, వంగి, చాలాసేపు చూసింది. ఆయన రెండోసారి అడిగాక గాని "కూర్చుంది సార్" అనలేదు. ఎందుకంటే అంతకు ముందే, తీసిన పాత ముక్కని సింకులో కడుగుతూ దాన్ని అడుగు వైపు తిప్పింది. వెనక మూల సగం కందిబద్దంత గుంట కనిపించింది. ఎనిమిదేళ్ల కిందట తనన్న మాట ఒకటి గుర్తొచ్చింది ఆవిడకి.

కడిగిన ఆ ముక్కని సీసాలో వేసి వరహాలుకి ఇచ్చారు. ఆయనే పట్టుబట్టి అడిగాడు. మూత్రపిండాల్లో రాళ్లు తీస్తే సీసాలో పెట్టి ఇస్తారు కదా, ఇదీ అలాంటి ముచ్చటే అనుకుని కృష్ణంరాజు సరేనన్నాడు. అడిగిన మనిషి ముప్ఫై నాలుగేళ్లు స్టీల్ ప్లాంట్ బేరింగ్ షాపులో పనిచేశాడన్న సంగతి ఆయనకి గుర్తు లేదు.

బుధవారం ఉదయం పదింటికి థియేటర్లో ఫోను మోగింది.

"సిస్టర్, మూడొందల నాలుగులో పెద్దాయన థియేటర్ వాళ్లెవరైనా ఒకసారి రావాలంటున్నారు. తీసిన సామాను గురించి అడగాలట," అంది వార్డు నర్సు యశస్విని, నవ్వాపుకుంటూ.

మిరియంకి నవ్వు రాలేదు. లిఫ్టు ఖాళీగా ఉన్నా మెట్లెక్కి వెళ్లింది. ఆలస్యమైతే ఈలోపు ఆయన ఆ ముక్క సంగతి మర్చిపోతాడేమోనని ఎక్కడో చిన్న ఆశ. భయం పట్టినప్పుడు ఎంత తెలివైనవాళ్లయినా ఇలాంటి లెక్కలే వేస్తారు.

గది తలుపు తీసే ఉంది. నారాయణమ్మ మంచం అంచున కూర్చుని ఉంది. కట్టు కట్టిన కుడికాలు ముందుకి చాపి, ముందు వాకరు పెట్టుకుని, కిటికీలోంచి కనిపించే కొండవైపు మొహం తిప్పుకుని ఉంది. వరహాలు భోజనాల బల్లని కిటికీ దగ్గరకి లాక్కుని, దాని మీద పాత పేపరు పరిచి, పేపరు మీద తెల్ల రుమాలు పరిచి, రుమాలు మీద ఆ ప్లాస్టిక్ ముక్క పెట్టుకున్నాడు. గడియారాలు బాగుచేసేవాళ్లు కంటికి తగిలించుకునే చిన్న భూతద్దం ఒకటి ఆయన కుడికంట్లో ఉంది. ఖాళీ సీసా పక్కన ఉంది. దాని మెడకి దారంతో ఒక అట్ట చీటీ కట్టి ఉంది.

ఆ చీటీ సంగతి చెప్పాలి. బేరింగ్ షాపులో పాడైన బేరింగు ఏదీ నేరుగా తుక్కులోకి పోదు. దానికొక చీటీ కడతారు. ఏ యంత్రంలోది, ఎప్పుడు బిగించారు, ఎప్పుడు విప్పారు, ఎందుకు పాడైంది. ఆ చివరి గడి నింపినవాడు కింద సంతకం పెట్టాలి. గడి ఖాళీగా ఉంటే ఆ బేరింగు ఏళ్లకేళ్లు అరలోనే పడుంటుంది. వరహాలు రిటైరైనా ఆ అలవాటు రిటైరవలేదు. ఇంట్లో మిక్సీ పాడైనా చీటీ కట్టే మనిషి. ఇప్పుడు సీసాకి కట్టిన చీటీ మీద, యంత్రం అన్నచోట "నారాయణమ్మ, కుడి మోకాలు" అని రాశాడు. తేదీలు రాశాడు. కారణం అన్నచోట పెన్సిలుతో "మెట్లు" అని ఉంది. సంతకం మాత్రం ఇంకా పెట్టలేదు.

"రండి సిస్టరమ్మా, కూకోండి," అన్నాడు కంట్లోంచి భూతద్దం తీస్తూ. "మీరు ఆపరేసన్లో ఉన్నారు కదా, ఒక్క మాట సెప్పండి. ఈ ముక్క కడిగినప్పుడు బ్రస్సేటైనా ఎట్టి రుద్దినారా?"

"లేదండీ. ఉత్త నీళ్లే."

"అయితే ఈ నునుపు మీ సేతిది కాదు."

నారాయణమ్మ కొండవైపు చూస్తూనే అంది. "ఇంకేటి సూత్తావు మావా దాన్ని. మెట్లని రాసేసినావు కదా. సంతకం ఎట్టీసి అవతల పడీ."

"అదేనే నా బాద. సూడకుండా రాసేసినాను," అన్నాడు వరహాలు. "నా కింద పనిసేసినోడెవడైనా సామాను సూడకుండా కారణం రాస్తే సీటీ మొహం మీద కొట్టీవోడిని. మరి నాను సేసిందేటి? సోమవారం సాయంత్రం సీసా సేతికొచ్చింది. మూత తియ్యకుండానే రాసేసినాను. ఇయాల పొద్దున మూత తీసినాను."

ఇంకేదో అనబోతుండగా కృష్ణంరాజు గదిలోకి వచ్చాడు. అరవై మూడేళ్లు, పొడగరి, ఎక్కడికెళ్లినా ఇంకో చోట తనకోసం ఎదురుచూస్తున్నట్టు నడిచే మనిషి. చెయ్యి మాత్రం బంగారం. బల్లనీ రుమాలునీ చూసి నవ్వాడు.

"ఏం వరహాలుగారూ, నా రూములో వర్క్‌షాపు పెట్టేశారే. ఏమ్మా నారాయణమ్మా, నిన్న ఎన్ని అడుగులు వేశావు?"

"ఈ గుమ్మం దాకా ఎల్లొచ్చినాను బాబూ."

"ఇవాళ నర్సుల బల్ల దాకా వెళ్లాలి."

"సార్, ఒక్క నిమిసం," అన్నాడు వరహాలు, లేచి నిలబడి. ఆ నిలబడడంలో ఆఫీసరు ముందు నిలబడ్డ మర్యాదా ఉంది, పని తెలిసినవాడి మొండితనమూ ఉంది. "ఈ ముక్క ఎందుకరిగిందంతారు?"

"ఎన్నిసార్లు చెప్పాలండీ. ప్లాస్టిక్ అన్నాక అరుగుతుంది. మీ స్కూటర్ టైరు అరగడం లేదా? దానికి తోడు అన్ని మెట్లు వంగి వంగి ఎక్కింది ఈవిడ. త్వరగా అరిగింది. అంతే కదా."

"పైనరిగితే నడిసి అరిగిందని నానూ ఒప్పుకుంతాను బాబూ. మరి అడుగు ఎందుకరిగింది?" వరహాలు ముక్కని రుమాలుతోనే పట్టుకుని తిరగేశాడు. "పైన మా ఆడది నడిసింది. కింద ఎవులు నడిసినారు?"

బయట వరండాలో మందుల బండి చక్రాల చప్పుడు దూరంగా వెళ్లిపోయింది.

"ఏదీ," అని చెయ్యి చాపాడు కృష్ణంరాజు.

"సార్, మీకు ఎముకల సంగతి తెల్సు. నాకు బేరింగుల సంగతి తెల్సు. బేరింగు దాని గూట్లో బిగువుగా కూకుంటే దాని ఈపు మీద కొత్తప్పటి గీతలు అలగే ఉంతాయి. కూకోకపోతే లోపల్లోపల కదుల్తాది. కదిలి కదిలి ఈపు నున్నగా అయిపోద్ది. దీని ఈపు సూడండి, గీతన్నది లేదు. అంటే ఇది పళ్లెంలో గట్టిగా లేదు. ఎనిమిదేళ్లూ కదుల్తూనే ఉంది." ఆయన గొంతు పెంచలేదు. షాపులో కొత్తగా చేరినవాళ్లకి పని నేర్పినట్టు నిదానంగా చెబుతున్నాడు. "ఇంక ఈ ఎనక మూల గుంట సూడండి. దీని కిందేదో గట్టిది ఇరుక్కుంది. ఈ మూల పైకి లెగిసిపోయింది. ఒక మూల లెగిస్తే బరువంతా ఏటవుద్ది? ఎదర పక్కకి పోద్ది. అరుగుదల ఏ పక్కనుందో మీరే సూడండి."

అరుగుదల ఎదుటి పక్కనే ఉంది. అక్కడ ప్లాస్టిక్ పొరలు పొరలుగా లేచి, కాగితమంత పలచగా మిగిలింది. ఆ సంగతి సోమవారమే అందరూ చూశారు. అడుగు మాత్రం మిరియం ఒక్కతే చూసింది.

కృష్ణంరాజు బొటనవేలితో ఆ గుంటని తడిమాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. తర్వాత తలెత్తి మిరియం వైపు చూశాడు. ఇరవై రెండేళ్లు ఎదురుబొదురుగా నిలబడి పనిచేసినవాళ్ల మధ్య మాటల అవసరం పెద్దగా ఉండదు. నీకు తెలుసా అని ఆ చూపు అడిగింది. ఆవిడ తలొంచుకుంది.

ఇక్కడ ఆయన ఒక్క మాటతో గట్టెక్కగలడు. డాక్టర్ల దగ్గర అలాంటి మాట ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. దాని ముందు ఎంత పనివాడైనా నోరు మూసుకోవలసిందే. ఆ మాటే అన్నాడు.

"చూడండి వరహాలుగారూ, దీనికి రకరకాల కారణాలుంటాయి."

నిజం చెప్పాలంటే ఆయన ఆ మాట అనాలనే మిరియం కోరుకుంది. ప్రభువా, అనేస్తే బాగుండు అని లోపల వేడుకుంది కూడా. అన్నాక గుండె బరువు దిగుతుందనుకుంది. దిగలేదు.

నారాయణమ్మ అప్పుడు కొండ మీంచి చూపు తిప్పింది. అందరికన్నా మొగుడి మొహమే ముందు చూసింది.

"పోనీ మావా. ఇంకొదిలీ. ఆ బాబుని నిలబెట్టి అడగడమేటి? ఆరే కదా మళ్లీ బాగు సేసినారు. మెట్లెక్కింది నానే. కాళ్లు నాయే. నా వల్లే అయిందని రాసీ, సంతకం ఎట్టీ," అంది. ఏడు నెలలుగా మీద పడ్డ నిందని ఆవిడ అప్పటికి సొంతం చేసేసుకుంది. అందరూ సుఖంగా ఉండాలంటే అది తన దగ్గరుండడమే మంచిదనుకున్నట్టుంది.

అది మిరియం తట్టుకోలేకపోయింది.

"మెట్లు కాదమ్మా," అంది.

"సిస్టర్," అన్నాడు కృష్ణంరాజు మెల్లగా.

"లేదు సార్, చెప్పనివ్వండి. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేను."

ఆవిడ చెప్పింది ముక్కలు ముక్కలుగా, వెనకా ముందూ చేసి. నేను వరసగా చెబుతాను. ఎముకకి లోహాన్ని అతికించే సిమెంటు ఒకటుంటుంది. మెత్తటి పిండిలా కలిపి పెడితే పదీ పన్నెండు నిమిషాల్లో రాయవుతుంది. అంచుల్లోంచి పొంగినదాన్ని ఆలోపే గీకి తీసేయాలి. తర్వాత పళ్లెంలో ప్లాస్టిక్ ముక్క పెట్టి సుత్తితో కొడితే టక్కుమని కూర్చుంటుంది. డాక్టరు నిలబడే వైపు నుంచి వెనక మూల సరిగ్గా కనిపించదు. ఎదురుగా నిలబడ్డ మిరియంకి కనిపిస్తుంది. అందుకే కొట్టగానే ఆయన తలెత్తకుండా "కూర్చుందా?" అంటాడు, ఆవిడ వంగి చూసి "కూర్చుంది సార్" అంటుంది. వాళ్లిద్దరి మధ్య పుట్టిన పద్ధతి ఇది. ఇంకే థియేటర్లోనూ ఉండదు. మంచి పద్ధతే. కాని ఏళ్లు గడిచే కొద్దీ, వేల మోకాళ్లయ్యే కొద్దీ, వంగి చూడడం ఎప్పుడో జారిపోయింది. చర్చిలో ప్రార్థన చివర ఆమెన్ అన్నంత అలవాటుగా మాట మాత్రం మిగిలింది.

"ఆ రోజు మీది మూడో కేసమ్మా," అంది మిరియం. నారాయణమ్మ వైపు చూసే ధైర్యం లేక వాకరు వైపు చూస్తూ చెబుతోంది. "సార్ కొట్టారు. టక్కుమనలేదు. మొద్దుగా వినిపించింది. నేను పక్క ట్రేలో సూదులు లెక్కపెట్టుకుంటున్నాను. సార్ కూర్చుందా అన్నారు. తలెత్తకుండా కూర్చుంది సార్ అనేశాను. చప్పుడు తేడాగా ఉందని ఇంటికెళ్లాక తట్టింది. మర్నాడు మీరు నడిచారు. నడిచారు కదా అనుకున్నాను. ఆ పళ్లెంలో సిమెంటు పలుకు ఉండిపోయింది. వంగి ఉంటే కనిపించేది. నేను వంగలేదు."

ఏడుస్తుందేమో అనుకున్నారు అందరూ. ఏడవలేదు. చెప్పేసిన తర్వాత ఆవిడకి తన మీదే అసహ్యమూ వేసింది, ఊపిరీ ఆడింది. రెండూ ఒకేసారి.

కృష్ణంరాజు మొహం ఎర్రబడింది. కోపమో, అవమానమో చెప్పడం కష్టం. ముప్ఫై ఏళ్ల పేరు, కింద హాల్లో గోడ నిండా మెమెంటోలు, ఇప్పుడిప్పుడే ఐదో అంతస్తు కట్టుకుంటున్న ఆసుపత్రి. ఇవన్నీ ఆయన కళ్ల ముందు తిరిగే ఉంటాయి. చివరికి ఆయన అడిగింది ఇంకోటి.

"పాత ఎక్స్‌రే ఉందా మీ దగ్గర? ఆపరేషనైన రెండో రోజు తీసింది."

ఉండకేం? వరహాలు మంచం కింద నుంచి సంచి లాగి, అందులోంచి కవరు తీసి, కవర్లోంచి ఫిల్ము తీసి ఇచ్చాడు. దానికీ ఒక చీటీ ఉంది. కృష్ణంరాజు ఫిల్ముని కిటికీ అద్దానికి ఆనించి పట్టుకున్నాడు. రెండు మోకాళ్లూ పక్కపక్కన. ఎక్స్‌రేలో లోహం తెల్లగా మెరుస్తుంది గాని ప్లాస్టిక్ కనిపించదు. అదున్నచోట ఖాళీ మాత్రం కనిపిస్తుంది. కుడి మోకాల్లో ఆ ఖాళీ ఒక పక్క తలవెంట్రుకంత ఎక్కువ ఉంది. వెతికితేనే కనిపించేంత.

"దీని మీద బాగుంది అని రాసింది నేనే," అన్నాడు. ఆయన గొంతులో ఎప్పుడూ ఉండే తొందర ఇప్పుడు లేదు. "సిస్టర్ది కాదు తప్పు. సుత్తి నా చేతిలో ఉంది. చప్పుడు నాకూ వినిపించింది. ఆవిడ కూర్చుందంటే నాకు సుఖంగా ఉంటుంది కాబట్టి నమ్మాను. మెట్లన్నది కూడా నేనే అన్నాను వరహాలుగారూ. మీరు కేసు పెట్టుకుంటే నేను కాదనను."

తర్వాత ఫిల్ములో ఎడమ మోకాలు చూశాడు. చాలాసేపు చూశాడు. మడత పడకుండా జాగ్రత్తగా కవర్లో పెట్టేశాడు.

వరహాలు ఆయన్ని పట్టించుకోలేదు. బల్ల దగ్గర కూర్చుని, జేబులోంచి రబ్బరు తీసి, చీటీ మీద "మెట్లు" అన్న మాట చెరపడం మొదలుపెట్టాడు. పెన్సిలు గట్టిగా నొక్కి రాసినట్టున్నాడు, అక్షరాలు పోయినా అచ్చు పోవడం లేదు. అట్ట పీచు లేచేదాకా రుద్దాడు.

"ఏడు నెల్లు," అన్నాడు. ఎవరితోనో తెలియలేదు. తర్వాత పెళ్లాం వైపు తిరిగాడు. "ఏడు నెల్లనించీ నిన్ను ఆ మాటే అన్నాను కదే. కూతురి ముందర అన్నాను. వియ్యాలోరి ముందర అన్నాను. నా పేనం నిలబడాలని ఎక్కిన మెట్లని, అయే నిన్ను తిన్నాయని అన్నాను. నువ్వొక్కసారీ ఎదురు సెప్పలేదేటి?"

"సెప్తే ఏటవుద్ది? నువ్వు సీటీలో రాసింది నానెప్పుడు మార్పించగల్నాను?" అంది నారాయణమ్మ. ఆ మాటలో ఎంత ఎత్తిపొడుపుందో అంత కన్నీరూ ఉంది. "మొక్కు నాది. నువ్వు బతికినావు. నాకది సాలు. అందికే ఊరుకున్నాను."

వరహాలు భుజం మీద తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. ముప్ఫై నాలుగేళ్ల సర్వీసులో, నలభై నాలుగేళ్ల కాపురంలో ఆయన ఎవరినీ క్షమించమని అడిగిన మనిషి కాదు. ఇప్పుడూ ఆ మాట నోట రాలేదు. లేచి, మంచం దగ్గరకి వెళ్లి, వంగి, కట్టు కట్టిన మోకాలి మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. నారాయణమ్మ ఆ చేతిని తీసెయ్యలేదు. మనకైతే ఆ పూటకి అది చాలు.

కథ ఇక్కడే ఆపేసి మంచి మాటేదో చెప్పి సెలవు తీసుకోవచ్చు. మిరియం కూడా అలాగే అనుకుంది. చెప్పవలసింది చెప్పేశాను, ఇక వాళ్లు తిట్టినా కొట్టినా పడతాను, ఉద్యోగం పోతే పోతుంది అనుకుని తలుపువైపు ఒక అడుగు వేసింది.

"సిస్టరమ్మా, ఇలగ రా," అంది నారాయణమ్మ.

మిరియం దగ్గరకి వెళ్లింది. నారాయణమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. సముద్రపు గాలికి చల్లబడ్డ గదిలో ఆ చెయ్యి వెచ్చగా ఉంది.

"నువ్వు సెప్పక ముందే నాకు తెల్సు," అంది. "మత్తు నడుం కిందకే కదమ్మా ఇస్తారు. సెవులకివ్వరు కదా. ఎనిమిదేళ్ల కిందట నా మొహం ముందర కట్టిన ఆ గుడ్డ అవతల మీరేటి మాటాడుకున్నారో అన్నీ యిన్నాను. సుత్తి దెబ్బలు యిన్నాను. కూర్చుందా అని ఆరడగడం, కూర్చుంది సార్ అని నువ్వనడం యిన్నాను. అమ్మయ్య అనుకున్నాను. నీ గొంతు నాకప్పుడు దేవుడి గొంతులాగ ఇనిపించింది."

మిరియం చెయ్యి వెనక్కి తీసుకోబోయింది. ముసలావిడ వదల్లేదు.

"సోమవారం మళ్లీ యిన్నాను. అదే గొంతు. గానీ మొన్న నువ్వు బేగి అన్లేదు. ఆరొకసారడిగినారు, నువ్వు పలకలేదు. టార్చి ఇటియ్యి అన్నావు. ఆరు రెండోసారడిగినారు. అప్పుడన్నావు. అంతసేపెందుకు పట్టిందా అని మంచం మీద పడుకుని అనుకున్నాను. సూసి సెప్పడానికి అంతసేపు పడితే, ముందటిసారి అంత బేగి ఎలగ సెప్పిందా అనుకున్నాను. అప్పుడే తెలిసిపోయింది నాకు."

"మరెందుకమ్మా చెప్పలేదు?"

"నీ అంతట నువ్వు సెప్తావా లేదా అని సూసినాను. సెప్పినావు. సంతోసం. నీ మీద నాకు కోపం లేదు తల్లీ, ఉన్నా అది పోద్ది." నారాయణమ్మ ఒక్క క్షణం ఆగింది. ఎడమ చేత్తో తన ఎడమ మోకాలు మెల్లగా రాసుకుంది. కట్టు లేనిది, ఎవరూ తెరవనిది. "గానీ ఆ రోజు ఆ మాట నువ్వు రెండుసార్లన్నావు. ముందు కుడికాలికి. గంటపోయాక ఎడంకాలికి. రెండూ ఒక్కలాగే, బేగి అన్నావు."

వరహాలు తలెత్తాడు. కృష్ణంరాజు కిటికీ దగ్గరే నిలబడి ఉన్నాడు, చేతిలో కవరుతో, ఎవరి వైపూ చూడకుండా. వరహాలు ఆయన వైపు ఒకసారి, ఆ కవరు వైపు ఒకసారి చూసి, చొక్కా జేబులోంచి ఇంకో ఖాళీ చీటీ తీసి బల్ల మీద పెట్టుకున్నాడు. యంత్రం అన్నచోట "నారాయణమ్మ, ఎడమ మోకాలు" అని రాసి పెన్సిలు ఆపాడు.

"ఎడంకాలికైనా సూసి సెప్పినావా అమ్మా?" అంది నారాయణమ్మ.

ఎనిమిదేళ్ల కిందటి ఆ గంట కోసం మిరియం మనసంతా వెతికింది. సుత్తి గుర్తొచ్చింది, ట్రే గుర్తొచ్చింది, గోడ గడియారం గుర్తొచ్చింది. ఎడమ మోకాలు మాత్రం గుర్తు రాలేదు. ముగ్గురూ తన నోటివైపే చూస్తున్నారు. చూశానమ్మా అన్న మాట అలవాటు కొద్దీ నాలుక చివరిదాకా వచ్చేసింది. మిరియం పళ్లు బిగించి దాన్ని అక్కడే ఆపేసింది.